భార్యకు ఆపరేషను – భర్తకు నిశ్చింత

రెండవ కాన్పైన కోడలిని చూడవచ్చిన పెద్దలు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఆపరేషన్ అయ్యిందా బిడ్డా?" అనునది. హుస్నాబాదు పట్టణమున అడుగుదురు, కోహెడలో అడుగుదురు, అక్కన్నపేటలో అడుగుదురు. ఆ కోడలి భర్తను మాత్రము ఈ ప్రశ్న ఎవ్వరును అడుగరు. అరుగుమీద కూర్చున్న ఆయనకును అది తన సంగతి కాదనియే నమ్మకము. ఊరి నమ్మకము అదే. దవాఖానా నమ్మకము అదే. చాలకాలముగా సర్కారు నమ్మకమును అదే. ఈ నమ్మకము అన్యాయమైనదనియు, అంతకంటె అపాయకరమైనదనియు మేము నేడు చెప్పదలచితిమి. అన్యాయమేలయన, ఇరువురి సంసారమునకు ఒక్కరి శరీరమే కోతకు గురియగుచున్నది. అపాయమేలయన, ఆ కోత గర్భము నాపును గాని రోగము నాపదు.

ముందుగా లెక్కలు చూతము. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల వివాహితలలో నూటికి 68 మంది కుటుంబములయందు ఏదో యొక నియంత్రణ పద్ధతి అమలులో నున్నది. అందులో 62 మందికి ఆధారము స్త్రీల ఆపరేషనే. పురుషుల ఆపరేషను నూటికి 2. మాత్రలు, కాపర్-టి, సూదులు, నిరోధ్ మొదలగు తక్కిన నవీన సాధనము లన్నియు కలిసియు నూటికి 3 నిండవు. ఆంధ్రప్రదేశమున స్త్రీల ఆపరేషను 70కి చేరువ కాగా పురుషులది అర యైనను లేదు. దేశమంతటను చూచినచో స్త్రీలది 38, పురుషులది 0.3, నిరోధ్ 9.5. దేశముతో పోల్చిన మన పురుషులే మేలుగదా యని ఎవరైన మీసము దువ్వుకొందురేమో! నూటికి 62 మంది స్త్రీలు కత్తికి ఒడ్డుకొనిన చోట ఇద్దరు పురుషులు ముందుకు వచ్చుట గర్వింపదగిన సంగతి కాదు. అదే సర్వేలో, గర్భనిరోధము ఆడువారి వ్యవహారము, మగవాడు దానినిగూర్చి చింతింప నక్కరలేదని దేశమునందలి పురుషులలో మూడవ వంతుకు పైగా ఒప్పుకొనిరి. ఒప్పుకొనని వారిలో ఎందరు ఆచరణమున చూపుచున్నారో పై అంకెలే చెప్పుచున్నవి.

ఈ భారము వట్టి మాటలలోని భారము కాదు. 2022 ఆగస్టు 25వ తేదీన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము సర్కారు దవాఖానాలో ఒక్క దినమున 34 మంది స్త్రీలకు ఈ ఆపరేషను జరిగినది. కొలది దినములలోనే వారిలో నలుగురు తల్లులు మరణించిరి. మిగిలినవారిని హైదరాబాదులోని పెద్ద దవాఖానాలకు తరలింపవలసి వచ్చినది. అంతకు ఎనిమిదేండ్ల క్రిందట, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము బిలాస్‌పూరు జిల్లాలో ఒక శిబిరమున 83 మందికి కొలది గంటలలో ఆపరేషనులు ముగించిరి. ఆ ప్రాంతమున ఆ వారము జరిగిన శిబిరములకు పదిమందికి పైగా స్త్రీలు బలియైరి. 2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, శిబిరముల పద్ధతిని మూడేండ్లలోపల మాన్పవలసినదిగా ఆజ్ఞాపించెను. తీర్పు వెలువడిన ఆరేండ్లకు ఇబ్రహీంపట్నము సంభవించినది. మరణించిన ఆ నలుగురును రోగులు కారు. ఆరోగ్యవంతులై, ఇంట బిడ్డలను విడిచి, సాయంకాలమునకు మరలి వత్తమని పోయినవారు.

మేము స్త్రీల ఆపరేషనును నిందించుట లేదు. శుచిగా, నిదానముగా, ఆమె మనఃపూర్వకమైన సమ్మతితో జరిగినచో అది నమ్మదగిన సాధనము. ఏడాదిలో రెండువందల మందిలో ఒకరికి మాత్రమే అది విఫలమగును. మా ప్రశ్న వేరు. పురుషునికి జరుగు ఆపరేషను అంతకంటె తేలికయై యుండగా, బరువైన దానిని ఆమెకేల కట్టబెట్టుచున్నారు? స్త్రీకి ఉదరమును ఛేదించి లోపలి నాళములను మూయవలెను. పురుషునికి వేసెక్టమీ యనునది పైచర్మముక్రిందనే జరుగును. 1974లో చైనాదేశపు వైద్యుడు లీ షున్‌చియాంగ్ కనిపెట్టిన పద్ధతిలో కత్తికోతయే లేదు. చర్మమున చిన్న రంధ్రముచేసి, వీర్యకణములు వచ్చు నాళమును కట్టివేయుదురు. కుట్టు వేయనక్కరలేదు. ఆ పూటయే ఇంటికి నడచిపోవచ్చును. మగతనము తగ్గునను భయమునకు ఆధారము లేదు. మగతనమునకు మూలమైన హార్మోను రక్తములో కలిసి ప్రవహించునే కాని ఆ నాళముగుండ పోదు. బరువులెత్తు రైతుకును, తాడిచెట్టెక్కు గౌడన్నకును, మగ్గము నేయు పద్మశాలికిని గాయము మానిన పిమ్మట పూర్వపు బలమే యుండును. ఒక్క జాగ్రత్త మాత్రము మరువరాదు. నాళములో ముందే నిలిచియున్న వీర్యకణములు పోవుటకు సుమారు మూడు నెలలు పట్టును. పరీక్షలో వీర్యకణములు లేవని తేలువరకు నిరోధ్ వాడవలెను. ఈ ముక్క చెప్పకపోవుటచేతనే పలుచోట్ల ఆపరేషను అయినను గర్భము నిలిచి, నిర్దోషియైన భార్యమీద అనుమానము పడుచున్నది.

పురుషులు మొదటినుండియు వెనుదీయలేదు. 1971 జూలైలో కేరళములోని ఎర్నాకుళమున ఒక్క నెలలో 63 వేలకు పైగా ఆపరేషనులు జరుగగా అందులో దాదాపు అన్నియు పురుషులవే. తరువాత వచ్చిన అత్యవసర పరిస్థితి ఆ మార్గమును పాడుచేసినది. 1976-77లో దేశమున 80 లక్షలకు పైగా ఆపరేషనులు జరిగెను; వానిలో అధికభాగము పురుషులవి. జీతములు నిలిపి, రేషను నిలిపి, పోలీసులను పంపి చేయించిన ఆపరేషనులు అందులో ఎన్నో కలవు. ఆ బలాత్కారమునకు ప్రజలు 1977 ఎన్నికలలో బదులు చెప్పిరి. సర్కారు నేర్చుకొనిన పాఠము మాత్రము వింతయైనది. బలాత్కారము తప్పు అని నేర్చుకొనుటకు మారుగా, పురుషుని తాకిన ఓట్లు పోవును, స్త్రీని తాకిన ఎవ్వరును అడుగరు అని నేర్చుకొనెను. నాటినుండి నేటివరకు లక్ష్యములన్నియు ఆమె గర్భకోశముమీదనే గురిపెట్టబడినవి.

ఇంతవరకు అన్యాయమును చెప్పితిమి. ఇక అపాయమును చెప్పెదము. ఆపరేషను అయిన ఇంట నిరోధ్‌తో పనియేమి యని అందరును అనుకొందురు. ఇచటనే మోసమున్నది. ఆపరేషను చేయునది ఒక్కటే: బీజమును వీర్యకణమును కలియనీయదు. మాత్ర బీజమును విడుదల కానీయదు. కాపర్-టి లోని రాగి వీర్యకణములను నిర్వీర్యము చేయును. 380-ఏ అను రకము పదేండ్లు పనిచేయును. సూది మూడు నెలలకు ఒకసారి వేసికొనవలెను. ఇవన్నియు గర్భమును ఆపుటలో నిరోధ్‌కంటె గట్టివే. కాని రోగక్రిములు బీజమును వెదకుకొని వచ్చునవి కావు. సెగ, సవాయి, క్లమీడియా, హెచ్.ఐ.వి., కామెర్లను కలిగించు హెపటైటిస్-బి మొదలగువాని క్రిములు సంపర్కమున స్రవించు ద్రవములవలనను, లోపలి సున్నితమైన పొరలవలనను, పుండ్లవలనను సంక్రమించును. నాళము కట్టిన స్త్రీకిని, కట్టని స్త్రీకిని వాని విషయమున భేదము లేదు. గర్భమునకు ఒక ద్వారము, రోగమునకు వేరొక ద్వారము. మనవారు మొదటి ద్వారమునకు తాళము వేసి రెండవదానిని బార్లా తెరచి నిశ్చింతగా నిద్రించుచున్నారు. రెండు ద్వారములను ఒకేమారు మూయునది కండోమనబడు ఆ పలుచని తొడుగు ఒక్కటే. అది పురుషుడు వహింపవలసిన బాధ్యతయై యుండుటచేతనే కాబోలు, మన రాష్ట్రమున దానికి ఇంత అనాదరము!

ఇది మనకు దూరపు సంగతియని పాఠకులు తలపరాదు. మన దేశమున హెచ్.ఐ.వి. మొట్టమొదట 1986లో మదరాసున బయటపడెను. 2021 అంచనాలను బట్టి దేశములోని వయోజనులలో నూటికి 0.21 వంతు ఆ క్రిమి కలవారు. తెలంగాణమున ఈ నిష్పత్తి దానికి రెండింతలు మించినది, ఆంధ్రప్రదేశమున మూడింతలు మించినది. ఉమ్మడి కరీంనగరము జిల్లానుండి భీవండికి, సూరతుకు, బొంబాయికి, గల్ఫు దేశములకు కూటికై పోయినవారు వేనవేలు. వలస పోవుట నేరము కాదు. ఏండ్ల తరబడి ఆలుబిడ్డలకు దూరముగా, ఒక్క గదిలో పదిమంది పడియుండు బ్రతుకు వారికి మనము పెట్టిన శిక్ష. ఆ ఒంటరితనములో ఎవరేమి చేసిరని విచారించుట మా పని కాదు. మేము చెప్పునది ఇంతమాత్రమే: ఆయన తిరిగివచ్చిన రాత్రి ఆమెకు రక్ష యేది? ఆమెకు ఇరువదియైదేండ్లు నిండకముందే ఆపరేషను అయిపోయినది. గర్భభయము లేదు గనుక నిరోధ్ అడుగుటకు ఆమెకు ఒక సాకైనను మిగులలేదు. అడిగినచో "నన్ను అనుమానించుచున్నావా?" యని ఆయన, "నీకేమి పుట్టినది?" అని అత్త. దేశమున ఈ క్రిమి సోకిన వివాహితలలో పెక్కుమందికి అది భర్తవలననే సంక్రమించినది. వారు తాళిబొట్టును నమ్ముకొని చెడినవారు.

హెచ్.ఐ.వి. ఒక్కటే కాదు. సెగయు క్లమీడియాయు స్త్రీలయందు పలుమారు ఏ గుర్తును చూపక లోలోపల నాళములను చెరచును. మొదటి బిడ్డ కలుగకముందే అవి సోకినచో ఆమె గొడ్రాలని నింద మోయవలసి వచ్చును. గర్భిణికి సవాయి యుండి చికిత్స జరుగకున్నచో బిడ్డ కడుపులోనే చనిపోవచ్చును. హెచ్.ఐ.వి. గల తల్లికి ఏ చికిత్సయు లేనిచో నూటికి 15 మొదలు 45 మంది బిడ్డలకు సంక్రమించును. సకాలమున మందు లిచ్చినచో అది నూటికి 5 లోపునకు తగ్గును. ఆ మందులు సర్కారు దవాఖానాలలో 2004నుండి ఉచితముగా లభించుచున్నవి. విడువక మందులు వాడుచు, పరీక్షలో క్రిమి కానరానంతగా తగ్గినవారివలన సంపర్కముచే ఇతరులకు అది సోకదనియు వైద్యశాస్త్రము నిర్ధారించినది. కావున దాచుటవలన చావును, చెప్పుటవలన బ్రతుకును కలదు.

నిరోధ్ గొప్పను పెంచి చెప్పుట మాకు ఇష్టము లేదు. ప్రతిమారును తప్పక, సరియైన రీతిని వాడిన దంపతులలో ఏడాదికి నూటికి 2 మందికి మాత్రమే గర్భము నిలుచును. సామాన్యముగా జనులు వాడు తీరున, అనగా ఒకనాడు వాడి ఒకనాడు మరచినచో, అది 13 వరకు పోవును. హెచ్.ఐ.వి., సెగ, క్లమీడియాలకు అది మంచి అడ్డు. సవాయి, హెర్పీస్, పులిపురులను గర్భాశయముఖపు క్యాన్సరును కలిగించు హెచ్.పి.వి. మొదలగునవి తొడుగు కప్పని చర్మమునుండియు సోకగలవు గనుక వానియెడ రక్ష కొంత తక్కువ. హెచ్.పి.వి.కిని హెపటైటిస్-బి కిని టీకాలున్నవి. బిడ్డలకు వేయించుట తల్లిదండ్రుల విధి. తొడుగును ఒక్కమారే వాడవలెను. ఒకదానిపై నొకటి వేయరాదు. కొబ్బరినూనె గాని వాసెలైను గాని తగిలినచో ఆ రబ్బరు కొలది నిమిషములలోనే బలహీనపడును. చొక్కాజేబులో, వేడిలో నెలల తరబడి ఉంచినది పనికిరాదు. మీది తేదీ చూచుకొనవలెను. గర్భమునకు ఆపరేషనో కాపర్-టీయో ఉన్నను, రోగశంక యున్నచోట నిరోధ్‌ను దానికి తోడుగా వాడుటయే వైద్యులు చెప్పు మార్గము.

ఇక ఆక్షేపణలకు వత్తము. ఇట్టి మాటలు పత్రికలలో వ్రాయుట అసభ్యమని కొందరు పెద్దలందురు. ఈ చర్చ నిన్న పుట్టినది కాదు. 1921లోనే రఘునాథ ధోండో కర్వే బొంబాయిలో సంతాననిరోధ చికిత్సాలయమును తెరచెను. 1930లో మైసూరు సంస్థానము సర్కారు దవాఖానాలలో అట్టివానిని నెలకొల్పెను. 1935 డిసెంబరులో మార్గరెట్ సాంగరు అమెరికానుండి వచ్చి వార్ధాలో మహాత్ముని కలిసికొని ఈ విషయమునే వాదించెను. మహాత్ముడు సాధనములను నిరాకరించి బ్రహ్మచర్యమును బోధించెను. ఆయనయెడ మాకు గల గౌరవము తక్కువది కాదు. అయినను అడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. నిగ్రహము ఇరువురి చేతిలో నున్నప్పుడు అది ధర్మము. ఒకరికి వలదను హక్కే లేనప్పుడు, నిగ్రహించుకొమ్మని ఆమెతో చెప్పుట ధర్మమగునా? కాదనలేని ఆమెకు బ్రహ్మచర్యోపదేశము ఆకలిగొన్నవానికి ఉపవాసమహిమ చెప్పుట వంటిది.

సభ్యత పేర మనము చేసిన పనులు చూడుడు. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అను ప్రశ్న ఊరూర గోడలమీద కనిపించెను. జనులు నవ్విరి, హాస్యమునకు వాడుకొనిరి. కాని ఆ పేరు ఎరుగని తెలుగువాడు లేకపోయెను. మౌనముకంటె ఆ నవ్వే మేలు చేసినది. 2017 డిసెంబరులో కేంద్రప్రభుత్వము కండోము ప్రకటనలను ఉదయము 6 మొదలు రాత్రి 10 గంటల వరకు టెలివిజనులో చూపరాదని ఆదేశించెను. పగలంతయు బిడ్డలు చూచుచుండగా తెరమీద హత్యలు చూపవచ్చును, ఆడుదానిని చెంపదెబ్బ కొట్టుట చూపవచ్చును. ప్రాణరక్ష చేయు వస్తువును మాత్రము చూపరాదనిరి! ఇది యెట్టి సభ్యతయో మాకు బోధపడకున్నది. నిరోధ్ చేతికిచ్చిన జనులు చెడిపోదురని మరికొందరందురు. ఛత్రము కొన్నవాడు వానను తెచ్చినాడనుట యెట్టిదో ఇదియు నట్టిదే. థాయిలాండు ప్రభుత్వము 1991లో వేశ్యాగృహములన్నిటను కండోము తప్పనిసరి యని కట్టడిచేయగా, ఏటేట క్రొత్తగా రోగము సోకువారి సంఖ్య విశేషముగా తగ్గినది. అక్కడివారు మనకంటె చెడిపోయిన దాఖలా ఏమియు లేదు.

సర్కారు వారికిని ఒక మాట. ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994 చట్టము శాసించెను. 2024లో ఆంధ్రప్రదేశ శాసనసభ ఆ నియమమును తొలగించెను. బిడ్డలను ఎక్కువమందిని కనుడను మాటయు వెనువెంటనే వినవచ్చినది. తెలంగాణమున స్త్రీకి సగటున 1.8 సంతానమని సర్వే తేల్చినది. అనగా జనసంఖ్య నిలుకడకు కావలసిన 2.1కంటె తక్కువ. నిన్న తగ్గించుడనిరి, నేడు పెంచుడనుచున్నారు. ఈ కూడికలు తీసివేతలలో ఆమె ఆరోగ్యమునకు ఒక గడియైనను లేదు. గర్భనిరోధము ప్రభుత్వపు పట్టికలను నింపుటకు పుట్టినది కాదు. తన బిడ్డలెందరో, ఎప్పుడో నిర్ణయించుకొనుటకును, రోగమునుండి తన్నుతాను కాపాడుకొనుటకును మనుష్యునికి గల స్వాతంత్ర్యమునకు అది సాధనము.

కావున మేము కోరునది స్పష్టము. ప్రతి సర్కారు దవాఖానాలోను స్త్రీని ఆపరేషనుకు వ్రాసికొనుటకు ముందు ఆమె భర్తను పిలిపించి వేసెక్టమీ సంగతి వివరింపవలెను. వలదనుట ఆయన హక్కేయైనను, వినకుండ తప్పించుకొనుట హక్కు కాదు. బలవంతము ఎవరిమీదను పనికిరాదు. ఊరిలో నిరోధ్ పంచునది ఆశా కార్యకర్త. ఆమె స్త్రీ గనుక పురుషులు సిగ్గుపడి అడుగరు. మగవారికి మగవారు చెప్పవలెను: మంగలి దుకాణమున, కల్లు మండువాలో, బస్టాండులో, ఎల్లమ్మ చెరువుగట్టున. నిరోధ్ పెట్టె దవాఖానాలో డాక్టరు బల్లవెనుక దాగియుండక, అడుగకయే తీసికొనగల చోట ఉండవలెను. పరదేశమునుండి వచ్చినవారు సిగ్గువిడిచి రక్తపరీక్ష చేయించుకొనవలెను. అది ఉచితము, గోప్యము. 2018 సెప్టెంబరునుండి అమలులోనున్న హెచ్.ఐ.వి. చట్టము, వ్యాధిగలవారిని ఉద్యోగమునుండి గాని బడినుండి గాని వెలివేయుటను నిషేధించినది. 1097 అను నంబరునకు ఫోను చేసినచో పేరు చెప్పకయే సలహా పొందవచ్చును.

ఈ పత్రికను గ్రంథాలయమున కూర్చుండి చదువువారిలో అధికులు పురుషులేయని మే మెరుగుదుము. అందుచేతనే ఇది వారికి వ్రాసితిమి. దేశమును గూర్చి, ధర్మమును గూర్చి గంటలకొలది వాదించు మిత్రులారా! మీ ఇంట ఎవరి శరీరముమీద మీ నిశ్చింత నిలిచియున్నదో ఒక్కమారు విచారింపుడు. నలుగురు తల్లుల చావు చాలదా? కొద్దిపాటి ఖరీదుగల వస్తువును కొనుటకు సిగ్గుపడి, భార్యను కత్తికి అప్పగించుటకు సిగ్గుపడని పౌరుషము ఏ కోవకు చెందినదో మీరే నిర్ణయింపుడు.